ట్యాంకు చిహ్నం కింద దాగిన ఎరుపు

మా పెదనాన్న బండి ఏ రంగుదో చాలా ఏళ్ళు మా ఇంట్లో తేలలేదు. నలుపేనని మా నాన్న పట్టు. కాదు, ముదురు గోధుమరంగని మా అత్త. పెదనాన్న మాత్రం ఎప్పుడు అడిగినా ఒకే మాట చెప్పేవారు: “ఎండలో ఎరుపు, నీడలో నలుపు. అటువంటి రంగు మళ్ళీ చూడలేదమ్మాయ్.” ఎనభై దాటిన మనిషి జ్ఞాపకం కదా అని అందరం విని ఊరుకునేవాళ్ళం. పైగా బండి నా చేతికి వచ్చేనాటికి ట్యాంకు మీద ఎవరో కుంచెతో దళసరిగా పూసిన నల్లరంగు ఉంది. కుంచె వెంట్రుకలు రెండు మూడు అందులోనే గడ్డకట్టుకుపోయి ఉన్నాయి.

అది హోండా సీబీ 350. 1968 నుంచి 1973 వరకు తయారైన రెండు సిలిండర్ల బండి. పేరులో 350 ఉన్నా ఇంజను 325 సీసీలే. నిమిషానికి 10,500 చుట్ల దగ్గర 36 అశ్వశక్తి ఇస్తుందని హోండా చెప్పుకున్న బండి అది. ఆ రోజుల్లో అంత చిన్న ఇంజను నుంచి అంత బలం రాబట్టడం మాటలు కాదు. పెదనాన్న దాన్ని చాలా ఏళ్ళు నడిపి మరొకరికి ఇచ్చేశారు. వారు నల్లరంగు పూసి కొన్నాళ్ళు తిప్పి, తర్వాత ఒక రేకుల షెడ్డులో వదిలేశారు. అక్కడ అది ఇరవై రెండేళ్ళు పడి ఉంది. ఒక రోజు పెదనాన్న ఫోన్ చేసి, “బండి దొరికింది. తెచ్చుకుంటావా?” అని అడిగారు. నేను పాత జపాన్ బండ్లను బాగు చేస్తానని ఆయనకు తెలుసు. ఆ ప్రశ్నకు రెండో జవాబు నా దగ్గర ఉండదనీ తెలుసు.

వచ్చిన మూడో వారంలో ట్యాంకు ఎడమవైపు ఉన్న హోండా చిహ్నాన్ని విప్పాను. కుడివైపు చిహ్నం అప్పటికే లేదు. రెండే మరమేకులు. అవి కదలడానికి ఒక పూట పట్టింది. రంగు పూసినవారు చిహ్నాన్ని విప్పకుండా దాని చుట్టూ కుంచె తిప్పేసి ఉంటారు. చిహ్నం ఊడి చేతిలోకి రాగానే దాని కింద వేలెడు పొడవున, నల్లరంగు మధ్యలో తెరిచిన కిటికీలాగా, ఎరుపు. ట్యాంకు పట్టుకుని గుమ్మం బయటికి పరుగెత్తాను. ఎండ తగలగానే ఆ ముక్క నిప్పుకణికలా వెలిగింది. చూరు కిందికి జరిగితే ఎండిన నెత్తురులా నల్లబడింది. మళ్ళీ ఎండలోకి, మళ్ళీ నీడలోకి. అలా ఎన్నిసార్లు తిరిగానో లెక్క లేదు. పెదనాన్నకు ఫోన్ చేసి చెబితే ఆయన ఆశ్చర్యపోలేదు. “చెప్పాను కదమ్మా” అన్నారంతే.

దాన్ని క్యాండీ రంగు అంటారు. అడుగున మెరిసే వెండి పూత ఉంటుంది. దాని మీద అద్దం వంటి పారదర్శకమైన ఎరుపు పూతలు, వాటిపైన రంగులేని వార్నిషు. వెలుతురు ఎరుపులోంచి లోపలికి వెళ్ళి, వెండిని తాకి, మళ్ళీ ఎరుపులోంచే బయటికి వస్తుంది. అందుకే ఎండలో లోపల దీపం పెట్టినట్టు ఉంటుంది. నీడలో తిరిగి రావడానికి వెలుతురే ఉండదు కాబట్టి ముదురుగా కనిపిస్తుంది. ఆ ఎరుపునిచ్చే వర్ణకం ఎండకు త్వరగా వెలిసిపోతుంది కూడా. అంటే ఏళ్ళ తరబడి ఎండలో తిరిగిన ట్యాంకు మీద నల్లరంగు గీకి కింద ఎరుపు దొరికినా, అది ఫ్యాక్టరీ నుంచి వచ్చిన ఎరుపు కాదు. చిహ్నం చాటున ఎండ తగలకుండా ఉన్న ఆ వేలెడు ముక్క ఒక్కటే అసలు సాక్ష్యం. దాని మీద గుడ్డ కప్పి, చుట్టూ టేపు వేశాను. తర్వాత నాలుగేళ్ళపాటు ఆ ట్యాంకుకు ఏ పని చేసినా ఆ ముక్కకు తగలకుండా చేయడమే మొదటి నియమం అయింది.

నాలుగేళ్ళు అనగానే చాలామంది అంతకాలమా అంటారు. అంతే పడుతుంది. ఇంట్లో, ఉద్యోగం చేసుకుంటూ, ఆదివారాలూ రాత్రిళ్ళూ మాత్రమే చేస్తే అంతే. అదీకాక నేను కావాలనే నెమ్మదిగా చేస్తాను. దీనికి ముందు ఒక యమహా రెండు సిలిండర్ల టూస్ట్రోక్ బండి మీద పని చేశాను. ఉత్సాహం కొద్దీ దాన్ని రెండు రోజుల్లో చివరి బోల్టు దాకా విప్పేశాను. గది నిండా డబ్బాలు. తిరిగి బిగించడం మొదలుపెట్టేసరికి ఏ వాషరు ఎక్కడిదో, ఏ పొడవు బోల్టు ఏ రంధ్రంలోదో గుర్తులేదు. బండిగా వచ్చింది సామాను కుప్ప అయిపోతే మనసు దాని దగ్గరికి పోదు. తలుపు తీయాలంటేనే బరువుగా ఉండేది. అది పూర్తయింది కానీ, ఆ దిగులు మళ్ళీ వద్దనుకున్నాను.

అందుకే ఈసారి ఒక్కో భాగాన్నే పట్టుకున్నాను. మొదట బ్రేకు విప్పి, బాగు చేసి, బిగించి, ఆ తర్వాతే ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కులు. ఫోర్కులు పూర్తయ్యాకే వైరింగు. బండి చక్రాల మీద నిలబడే ఉంటుంది. ఎప్పుడు గదిలోకి వెళ్ళినా అది బండిలాగే కనిపిస్తుంది. విప్పే ముందు ఫోటో, విప్పాక నోటుపుస్తకంలో బొమ్మ. ఇంజను పక్క మూతలకు వేరువేరు పొడవుల మరమేకులు ఉంటాయి. వాటి కోసం ఒక అట్టముక్క మీద మూత ఆకారం గీసి, ఏ రంధ్రంలోది అక్కడే గుచ్చి పెట్టాను. పొట్టిది ఉండవలసిన చోట పొడుగుది పెట్టి బిగిస్తే అల్యూమినియం పగులుతుంది. పొడుగుదాని చోట పొట్టిది పెడితే రెండు మరలే పట్టి అవీ ఊడివస్తాయి. ఆ అట్టముక్క ఇప్పటికీ నా దగ్గర ఉంది.

మరమేకుల మాట వచ్చింది కాబట్టి, పాత జపాన్ బండి కొన్నవారెవరికైనా నేను మొదట చెప్పే సంగతి చెప్పేస్తాను. ఆ ప్లస్ గుర్తు మరమేకులు మామూలు ఫిలిప్స్ స్క్రూడ్రైవరుకు చేసినవి కావు. చూడటానికి అచ్చం అలాగే ఉంటాయి. కానీ అవి జపాన్ పారిశ్రామిక ప్రమాణం, అంటే జేఐఎస్ ప్రకారం చేసినవి. చాలావాటి తలమీద ఒక చిన్న చుక్క గుంట ఉంటుంది. ఫిలిప్స్ మొన వాటి గాడి అడుగు దాకా కూర్చోదు. బలంగా తిప్పగానే పైకి జారుతుంది, జారుతూ గాడి అంచుల్ని కొరికేస్తుంది. రెండుసార్లు జారితే ఇక ఆ తల గుండ్రటి గుంటే. నా బండికి ఎడమవైపు మూత మీద ఐదు మరమేకులు అలా పాడై ఉన్నాయి. జపాన్ మరమేకులు మెత్తని లోహంతో చేస్తారని చాలామంది తిట్టుకుంటారు. అది అన్యాయం. తప్పు మన చేతిలోని పనిముట్టుది.

సరైన జేఐఎస్ మొన ఆ గాడిలో దిగితే ఎలా ఉంటుందో మాటల్లో చెప్పడం కష్టం. తాళంచెవి సొంత తాళంలో దిగినట్టు ఉంటుంది. చేయి వదిలినా స్క్రూడ్రైవర్ నిటారుగా నిలబడుతుంది. మొండివాటికి, సుత్తితో కొడితే తిరిగే ఇంపాక్ట్ డ్రైవరుకు అదే రకం మొన తగిలించి ఒక్క దెబ్బ కొడతాను. దెబ్బకు మరల మధ్య తుప్పు చిట్లుతుంది. అదే క్షణంలో మొన తిరుగుతుంది. తలలు పాడైన ఆ ఐదింటికీ చుట్టూ నూనె వేసి, వేడిచేసి, చల్లారనిచ్చి, మళ్ళీ వేడిచేసి, తలల్ని డ్రిల్లుతో తీసి, మిగిలిన కాడల్ని పట్టకారుతో తిప్పి తీశాను. కొందరు ఈ బాధ పడలేక వాటన్నిటి స్థానంలో ఆరు పలకల గుంట ఉన్న అలెన్ బోల్టులు బిగిస్తారు. పనికి అవి బాగానే ఉంటాయి. నా కంటికి మాత్రం ఆ కాలపు ఇంజను మీద అవి అతకవు. నేను మళ్ళీ చుక్క గుర్తు ఉన్న మరమేకులే వెతికి తెచ్చుకున్నాను.

ఇంజను బిగుసుకుపోయి ఉంది. షెడ్డులో ఉన్న రోజుల్లో ఎవరో ఎడమ సిలిండరు స్పార్క్ ప్లగ్గు తీసి, మళ్ళీ పెట్టలేదు. ఇరవై రెండు వానాకాలాల తేమ ఆ రంధ్రంలోంచి లోపలికి పోయింది. ఈ బండిలో ఒక పిస్టన్ పైకి వెళితే రెండోది కిందికి దిగుతుంది. ఎడమది తుప్పుతో సిలిండరు గోడకు అంటుకుపోతే కుడిదీ కదలదు. ఇలాంటప్పుడు కిక్ రాడ్ మీద ఎక్కి తొక్కడం అన్నిటికన్నా పెద్ద పొరపాటు. పిస్టన్ కదలదు సరికదా, కిక్ పళ్ళు అరుగుతాయి లేదా రింగులు విరుగుతాయి.

ఆటోమేటిక్ గేరు బండ్లలో వాడే ట్రాన్స్‌మిషన్ నూనె, అసిటోన్ సమపాళ్ళలో కలిపి రెండు ప్లగ్గు రంధ్రాల్లోనూ పోశాను. అసిటోన్ నూనెను పలుచన చేసి రింగుల సందుల్లోకి దింపుతుంది, తర్వాత తాను ఆవిరైపోతుంది. అది చటుక్కున అంటుకునే పదార్థం కాబట్టి గది తలుపులన్నీ తెరిచి ఉంచాను, దీపం సరసకు రానివ్వలేదు. ప్రతి సాయంత్రం ఇంకొంచెం పోయడం, బండిని ఐదో గేరులో వేసి వెనుక చక్రాన్ని రెండు చేతులతో ముందుకూ వెనక్కూ మెల్లగా ఊపడం. చక్రం గోడను ఊపినట్టు ఉండేది. పదకొండో రోజు సాయంత్రం, అదే ఊపులో, చక్రం అరంగుళం ఎక్కువ వెళ్ళింది. మొదట చైను సాగిందేమో అనుకున్నాను. ప్లగ్గు రంధ్రంలో ఒక సన్నని పుల్ల పెట్టి మళ్ళీ ఊపాను. పుల్ల పైకి లేచింది. నేలమీద కూర్చుని, ఆ పుల్ల లేవడం, దిగడం, లేవడం చూస్తూ చాలాసేపు ఉండిపోయాను. కదలడమంటే బాగుపడటం కాదని తెలుసు. అయినా ఇరవై రెండేళ్ళ తర్వాత కదిలింది కదా.

తర్వాత ఇంజను దించి, తల విప్పి చూస్తే ఎడమ సిలిండరు గోడ మీద తుప్పు తిన్న గుంటలు ఉన్నాయి. గరుకు రాళ్ళతో రుద్దితే పోయేంత తేలికవి కావు. సిలిండర్లు రెండూ లేతు పనివారి దగ్గర మొదటి కొలతకు, అంటే 0.25 మిల్లీమీటర్లు పెద్దవిగా కోయించి, దానికి తగ్గ పిస్టన్లు వేశాను. ఇది ఇంట్లో చేయగలిగే పని కాదు, చేయాలని ప్రయత్నించకూడదు కూడా. మిగతా ఇంజను లోపల ఎంత బాగుందో చెబితే నమ్మరు. గేరు పళ్ళ మీద ఫ్యాక్టరీలో సానబట్టిన గీతలు ఇంకా కనిపిస్తున్నాయి.

కుడివైపు క్లచ్ మూతలో ఒక గుండ్రటి చిన్న మూత ఉంటుంది. ఈ బండికి కాగితపు ఆయిల్ ఫిల్టరు లేదు. ఆ చిన్న మూత వెనుక ఇంజనుతోపాటు తిరిగే ఒక డొల్ల ఉంటుంది. నూనె దానిలోంచి వెళుతుంది. డొల్ల వేగంగా తిరిగేటప్పుడు నూనెలో ఉన్న బరువైన మలినం గోడకు విసిరివేయబడి అక్కడే అంటుకుంటుంది. కవ్వంతో చిలికినట్టే, కాకపోతే ఇక్కడ కావలసినది మధ్యలోంచి పోతుంది, అక్కరలేనిది అంచున పేరుకుంటుంది. లోపలి మూతను పట్టి ఉంచే లాక్ తీసి, మధ్యలోని మరలోకి ఒక బోల్టు తిప్పి లాగితే, గోడ చుట్టూ చిటికెన వేలి మందాన బూడిదరంగు మడ్డి. వెన్నలా మెత్తగా ఉంది. చెక్కపుల్లతో గీకి తెల్లగుడ్డ మీద పరిచాను. ఈ ఇంజను తిరిగిన వేల కిలోమీటర్లలో క్లచ్ నుంచి, పిస్టన్ల నుంచి, పళ్ళ నుంచి అరిగిన రజను అంతా అక్కడ ఉంది. అదంతా బేరింగుల్లోకి పోకుండా ఆ డొల్ల ఆపింది. ఈ బండి గీసినవారి మీద నాకు గౌరవం పెరిగిన రోజుల్లో అదొకటి.

కార్బురేటర్ల పనిలో మా అమ్మాయి తోడు ఉంది. అప్పటికి దానికి తొమ్మిదేళ్ళు. గాలినీ పెట్రోలునూ కలిపి ఇంజనుకు అందించేవి కార్బురేటర్లు. ఇవి కేహిన్ వారి వ్యాక్యూమ్ రకం. మనం తిప్పే యాక్సిలరేటరు, కార్బురేటరు లోపల పైకీ కిందికీ కదిలే ముషలకాన్ని నేరుగా ఎత్తదు. ఇంజను పీల్చే గాలి బలానికి, పలుచని రబ్బరు పొర, అంటే డయాఫ్రమ్, ఆ ముషలకాన్ని పైకి లాగుతుంది. ఆ రబ్బరులో సూదిమొనంత చిల్లి ఉన్నా ఆ వైపు సిలిండరు సగం బలంతోనే పని చేస్తుంది. మామూలు వెలుతురులో అది కంటికి ఆనదు. గదిలో దీపం ఆర్పి, డయాఫ్రమ్‌ను టార్చి మీద పరిచి, కొంచెం సాగదీసి చూడాలి. నేను కుడిదీ ఎడమదీ రెండుసార్లు చూసి బాగున్నాయని పక్కన పెట్టాను. మా అమ్మాయి వాటిని మళ్ళీ తీసుకుని, టార్చి కదుపుతూ, “అమ్మా, ఇక్కడ నక్షత్రం ఉంది” అంది. నిజంగానే, మడత అంచున, ఒకే ఒక్క నక్షత్రం. ఆ రాత్రి అది చూసి ఉండకపోతే నెలల తరబడి పెట్రోలును కొలిచి వదిలే జెట్లనూ, ప్లగ్గులో నిప్పురవ్వను పుట్టించే పాయింట్లనూ అనుమానిస్తూ తిరిగేదాన్ని.

జెట్ల విషయంలో నాది ఒకటే అభిప్రాయం. పాత ఇత్తడి జెట్లు పారేయకండి. కిట్లలో వచ్చే కొత్త జెట్లు మీద చెక్కిన అంకె ఒకటి, లోపలి రంధ్రం ఒకటి అయిన సందర్భాలు చూశాను. పాతవి ద్రావకంలో నానబెట్టి, సన్నని గిటారు తీగతో మెల్లగా శుభ్రం చేస్తే చాలు. డ్రిల్లు పుల్ల పెడితే మాత్రం రంధ్రం పెద్దదవుతుంది, ఇక దాని లెక్క పోయినట్టే. కార్బురేటరుకూ ఇంజనుకూ మధ్య ఉండే రబ్బరు మెడలు రాయిలా గట్టిపడ్డాయి. వాటిని వింటర్‌గ్రీన్ నూనె, జైలీన్ అనే ద్రావకం కలిపిన మూత డబ్బాలో వారం నానబెట్టాను. మళ్ళీ వేలితో నొక్కితే వంగేంత మెత్తబడ్డాయి. ఆ వారమంతా గది నొప్పుల బామ్ వాసన వేసింది. ఆ బామ్‌లోనూ వింటర్‌గ్రీన్ నూనెలోనూ ఉండేది ఒకే పదార్థం మరి.

వైరింగు గురించి ఎక్కువ చెప్పను. అసలు తీగలు యాభై ఏళ్ళ తర్వాత కూడా బాగున్నాయి. పాడయింది వాటి చివర్లలోని ఇత్తడి బుల్లెట్ కనెక్టర్లే. పచ్చగా చిలుము పట్టాయి. ఒక్కొక్కటీ విప్పి, రుద్ది, గ్రీజు రాసి పెట్టాను. హోండా బండ్లలో ఆకుపచ్చ తీగ ఎర్త్ అని, నలుపుది తాళం తిప్పాక కరెంటు వచ్చేదని గుర్తుంచుకుంటే సగం చిక్కు విడిపోతుంది. ఇంతకుముందు ఎవరో నలుపును ఎర్త్ అనుకుని చేసిన అతుకులు రెండు దొరికాయి. ఫ్యూజు ఎందుకు మాడి ఉందో అప్పుడు తెలిసింది.

బ్రేకు డ్రమ్ము విప్పేవారికి ఒక జాగ్రత్త. ఆ కాలపు బ్రేకు షూల లైనింగులో ఆస్బెస్టాస్ ఉండేది. డ్రమ్ములో పేరుకున్న పొడిని ఊదకండి, గాలి గొట్టంతో అసలే కొట్టకండి. తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను సంచిలో కట్టి పారేయాలి. నేను షూలు అవే ఉంచి, లైనింగు మాత్రం ఆస్బెస్టాస్ లేనిది వేయించాను.

అసలు స్థితికి దగ్గరగా అంటే ఎంత దగ్గర అని చాలామంది అడుగుతారు. ప్రాణానికి సంబంధించిన చోట నాకు పట్టింపు లేదు. టైర్లు, బ్రేకు లైనింగు, పెట్రోలు గొట్టాలు, చైను కొత్తవే. కంటికి సంబంధించిన చోట మాత్రం చాలా పట్టింపు. ఇంజను పక్క మూతల్ని అద్దంలా మెరిపించడం చాలామందికి ఇష్టం. ఫ్యాక్టరీ నుంచి అవి అలా రాలేదు. కొంత మెరుగు పెట్టి పైన వార్నిషు పూసి పంపారు. ఇంజను మధ్యభాగానికి వెండిరంగు వేశారు. అంతకు మించి మెరిస్తే అది వేరే బండి. క్రోము మీద పైపైన పట్టిన తుప్పును నీటిలో తడిపిన అల్యూమినియం రేకు ఉండతో రుద్దితే పోతుంది. అల్యూమినియం క్రోముకన్నా మెత్తన, కాబట్టి గీతలు పడవు. రుద్దాక మిగిలిన చిన్న చిన్న చుక్కల్ని అలాగే వదిలేశాను. అవి ఈ బండివే.

మరో సంగతి. ఒక పెద్దమనిషి బండి చూసి, ఇంజను నంబరూ చట్రం నంబరూ ఒకటి కావు, ఇంజను మార్చేశారని తేల్చేశారు. ఇంజను మీద సీబీ350ఈ అని మొదలవుతుంది, చట్రం మీద సీబీ350 అని. తర్వాతి అంకెలు ఒకటిగా ఉండాలని హోండా ఎప్పుడూ పెట్టుకోలేదు. ఆ కాలపు హోండాలో రెండు నంబర్లూ అచ్చంగా కలవకపోవడమే మామూలు. పెదనాన్న దాచిన పాత కాగితాల్లో ఆ రెండు నంబర్లూ ఉన్నాయి.

బిగించిన ఇంజనును స్టార్ట్ చేసే ముందు కొన్ని కొలతలు సరిచూడాలి. వాల్వుల సందు చల్లని ఇంజను మీద గాలి పీల్చే వైపు 0.05 మిల్లీమీటర్లు, పొగ వదిలే వైపు 0.10. పాయింట్ల సందు 0.3 నుంచి 0.4 మధ్య. టైమింగు, అంటే ప్లగ్గులో నిప్పురవ్వ పుట్టే క్షణం, సరిచేయడానికి చిన్న బల్బు ఒకటి తీగలతో పాయింటుకూ ఎర్తుకూ తగిలించి, ఇంజనును చేతితో తిప్పుతూ వెళ్ళాలి. గుర్తు గీత ఎదురుగా రాగానే బల్బు వెలగాలి. ముందు ఎడమ సిలిండరుది ప్లేటు మొత్తం జరిపి సరిచేయాలి. తర్వాతే కుడిదాన్ని దాని చిన్న ప్లేటుతో సరిచేయాలి. ఈ వరుస తప్పితే ఒకటి కుదిరేసరికి రెండోది చెడుతూ రోజంతా గడిచిపోతుంది. మూడో ఏడు చివర్లో ఒక ఉదయం, ఏడో కిక్కుకు, ముందు కుడి సిలిండరు అంటుకుంది, రెండు క్షణాల తర్వాత ఎడమది కలిసింది. మా అమ్మాయి చెవులు మూసుకుని గెంతింది.

అన్నిటికన్నా చివరికి ట్యాంకు మిగిలింది. లోపల తుప్పు ఉంది. ఆమ్లం పోసి కడగడం త్వరగా అయ్యే పని. కానీ ఒక్క చుక్క పొర్లి ఆ ఎర్రముక్క మీద పడితే? అందుకని కరెంటు పద్ధతి ఎంచుకున్నాను. ట్యాంకు నిండా నీళ్ళు పోసి, నాలుగు లీటర్లకు ఒక పెద్ద చెంచా చొప్పున బట్టల సోడా కలిపాను. మూత రంధ్రంలోంచి ఒక ఇనుప కడ్డీని ట్యాంకుకు ఎక్కడా తగలకుండా వేలాడదీశాను. పన్నెండు వోల్టుల చార్జరు పాజిటివ్ తీగ కడ్డీకి, నెగెటివ్ తీగ ట్యాంకుకు. తుప్పు వదులుతుంది, మంచి ఇనుము అలాగే ఉంటుంది. స్టెయిన్‌లెస్ స్టీలు కడ్డీ మాత్రం వాడకూడదు, దానిలోంచి విషపు క్రోమియం నీటిలోకి వస్తుంది. బుడగలుగా వచ్చేది హైడ్రోజన్ కాబట్టి ఆరుబయటే పెట్టాను. మూడు రోజులు, రోజుకు రెండుసార్లు కడ్డీ గీకడం. తర్వాత కడిగి, వేడిగాలితో వెంటనే ఆరబెట్టి, లోపల నూనె తిప్పాను.

ఇక రంగు. ఎర్రముక్క అంచున పెచ్చు లేచిన చోట భూతద్దం పెట్టి చూస్తే అడుగున వెండి రేణువులు కనిపించాయి. అలాంటి వెండే తెచ్చుకుని ఆరు రేకు ముక్కల మీద వేశాను. వాటి మీద పారదర్శకమైన ఎరుపు, మొదటిదానికి మూడు పూతలు, రెండోదానికి నాలుగు, అలా ఎనిమిది దాకా. ప్రతి పూతకూ రంగు లోతు పెరుగుతుంది. ఆరినాక ఒక్కో రేకునూ ట్యాంకు మీది ముక్క పక్కన పెట్టి చూశాను. నీడలో చూస్తే ఆరు పూతలదీ ఏడు పూతలదీ రెండూ సరిపోయినట్టే ఉన్నాయి. ఎండలోకి తెస్తే ఏడు పూతలది మందగించింది, ఆరుది వెలిగింది. పెదనాన్న మాటలో రెండు సగాలూ ఉన్నాయి కదా, ఎండ ఒకటి, నీడ ఒకటి. రెండిటిలోనూ నెగ్గినది ఆరు.

మొదటిసారి ట్యాంకు మీద చేయి తిప్పడంలో తేడా వచ్చి, రెండు వరుసలు ఎక్కువ కలిసిన చోట ముదురు పట్టీ పడింది. క్యాండీ రంగులో దిద్దుబాటు ఉండదు. అంతా గీకి మళ్ళీ వెండి నుంచి మొదలుపెట్టాను. రెండోసారి కుదిరింది. పై వార్నిషులో కలిపే గట్టిపరిచే ద్రవం ఆవిరి ఊపిరితిత్తులకు మంచిది కాదు. మామూలు గుడ్డ మాస్కు దాన్ని ఆపదు. బయటి నుంచి గొట్టంతో గాలి వచ్చే మాస్కు అద్దెకు తెచ్చుకున్నాకే ఆ పని చేశాను.

రెండుసార్లూ ఆ వేలెడు ముక్క మీద టేపు ఉంది. దాని మీద రంగు వేయలేదు. చిహ్నం అంచుల లోపలే ఆగేలా టేపు కత్తిరించాను. యాభై ఏళ్ళ తర్వాత మరెవరో ఈ చిహ్నం విప్పినప్పుడు, నేను వేసిన ఎరుపు వెలిసిపోయి ఉంటే, వారికీ సరిచూసుకోవడానికి ఒక ముక్క కావాలి.

పోయిన ఆదివారం పెదనాన్న వచ్చారు. చిహ్నం అప్పటికి బిగించలేదు, ఆయన కోసం ఆగాను. టేపు ఊడదీసి చూపించాను. కొత్త ఎరుపు మధ్యలో పాత ఎరుపు, అంచు గీత తప్ప తేడా లేదు. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని చూశారు. వేలితో తాకలేదు. నేను చుక్క గుర్తు మరమేకులు రెండూ బిగించేవరకు చిహ్నాన్ని కదలకుండా ఆయనే పట్టుకున్నారు. తర్వాత లేచి నాలుగడుగులు వెనక్కి వెళ్ళి నిలబడ్డారు.

“స్టార్ట్ చేయమంటారా పెదనాన్నా?” అన్నాను.

“ఉండమ్మాయ్” అన్నారు. “ముందు ఆ చెట్టు నీడలోకి నెట్టు. ఆ తర్వాత మళ్ళీ ఎండలోకి తీసుకురా.”